చారిటీ కోసం లండన్ మారథాన్: దరఖాస్తు నుంచి ఆఖరి పౌండు దాకా

లండన్ మారథాన్‌లో 42.195 కిలోమీటర్లు పరిగెత్తడం ఒక ఎత్తు, అందులో పాల్గొనేందుకు నంబరు సంపాదించడం ఇంకో ఎత్తు. నంబర్లు పంచే లాటరీకి 2026 రేసు కోసం 11 లక్షల 33 వేల మందికి పైగా పేర్లు ఇచ్చారు. 2025లో రేసు పూర్తి చేసినవాళ్లు 56,640 మంది. లాటరీనే నమ్ముకుంటే ఎన్నేళ్లు ఎదురుచూడాలో చెప్పలేం. అందుకే చాలామంది రెండో దారి పడతారు: ఏదో ఒక సేవాసంస్థ తరఫున పరిగెత్తడం. ఆ సంస్థ మీకు నంబరు ఇస్తుంది, మీరు దానికి ఇంత సొమ్ము పోగు చేసి ఇస్తానని మాట ఇస్తారు. 2025లో ఈ ఒక్క రోజు పరుగు మీద పోగైన విరాళాలు 8 కోట్ల 73 లక్షల పౌండ్లు.

ఈ మార్గదర్శి రెండు రకాలవాళ్ల కోసం: బ్రిటన్‌లో ఉద్యోగమో చదువో చేస్తున్న తెలుగువాళ్లు, హైదరాబాద్, విజయవాడ, విశాఖ లాంటి చోట్ల నుంచి రేసు కోసమే వెళ్లేవాళ్లు. ఇద్దరికీ లెక్క మారే చోట విడిగా చెబుతాను.

నంబరు చేతికి రాగానే అందరూ మోకాళ్ల గురించి, బూట్ల గురించి ఆలోచిస్తారు. చారిటీ నంబరు ముందు డబ్బు వ్యవహారం, ఆ తర్వాతే పరుగు. శిక్షణ పుస్తకంలో మొదటి పేజీ చందాలకు కేటాయించండి. వారానికోసారి చేసే లాంగ్ రన్‌లు, అంటే దూరపు పరుగులు, 25 కిలోమీటర్లు దాటే సమయానికి చందాల పని ముప్పాతిక వంతు అయిపోయి ఉండాలి. అలసిపోయి సోఫాలో పడ్డ మనిషికి యాభై మందికి మెసేజ్‌లు పెట్టే ఓపిక ఉండదు.

1. ఒప్పందం ఏమిటో అర్థం చేసుకోండి

సేవాసంస్థలు నిర్వాహకుల దగ్గర కొన్ని నంబర్లు డబ్బు పెట్టి కొనుక్కుంటాయి. ఆ నంబరు మీకు ఇచ్చేటప్పుడు కనీసం ఇంత తేవాలని షరతు పెడతాయి. లండన్‌కి అది సాధారణంగా 2,000 పౌండ్లు, ఆ పైన. పేరున్న పెద్ద సంస్థలు ఇంకా ఎక్కువ అడుగుతాయి. దీనికి తోడు సాధారణంగా రిజిస్ట్రేషన్ ఫీజు మీరే కట్టాలి.

సంతకం పెట్టేముందు నాలుగు విషయాలు తేల్చుకోండి. రేసు లోపు ఎంత శాతం జమ కావాలి? మిగతాది ఎప్పటిలోగా? లక్ష్యం చేరకపోతే మిగిలింది మీ జేబు నుంచి కట్టాలా? గాయమై పరిగెత్తలేకపోతే వచ్చే ఏడాదికి నంబరు ఉంచుతారా? ఈ చివరి ప్రశ్న చాలామంది అడగరు. లాటరీలో నంబరు దొరికినవాళ్లకు ఉండే వెసులుబాటు చారిటీ నంబరుకు ఉండకపోవచ్చు, ఆ నిర్ణయం సంస్థది. అప్పటిదాకా వచ్చిన చందాలు మాత్రం సంస్థకే చెందుతాయి, వెనక్కి రావు. నంబరు ఇంకొకరికి బదిలీ చేయడం కుదరదు. మీ తమ్ముడు మీకంటే బాగా పరిగెత్తినా సరే.

లాటరీలో మీకే నంబరు తగిలిందనుకోండి. అప్పుడు కూడా నచ్చిన సంస్థకు చందాలు పోగు చేయొచ్చు, కనీస మొత్తం అనే షరతు ఉండదు. అందుకే ముందు లాటరీలో పేరు వేసి, అది తగలదన్న లెక్కతో చారిటీలకు దరఖాస్తు చేయడం మంచిది. లాటరీ ఏప్రిల్‌లో, ఆ ఏడాది రేసు జరిగే రోజుల్లోనే తెరుచుకుంటుంది. సంస్థలు కూడా దాదాపు అప్పటి నుంచే వచ్చే ఏడాది దరఖాస్తులు తీసుకోవడం మొదలుపెడతాయి. అంటే పని రేసుకు ఏడాది ముందే మొదలవుతుంది.

2. మీ చుట్టాలకు అర్థమయ్యే సంస్థను పట్టుకోండి

ఇక్కడ భావోద్వేగం కంటే లెక్క ముఖ్యం. మీకు చందా ఇవ్వబోయేది ఎవరు? ఆఫీసులో బ్రిటిష్ సహోద్యోగులైతే వాళ్లకు తెలిసిన క్యాన్సర్, గుండె జబ్బుల సంస్థలు సరిపోతాయి. గుంటూరులో బాబాయి, కరీంనగర్‌లో మేనత్త ఇవ్వాలంటే మాత్రం ఆ సొమ్ము ఎటు పోతుందో ఒక్క వాక్యంలో చెప్పగలగాలి.

బ్రిటన్‌లో రిజిస్టరై, మన దగ్గర పని చేసే సంస్థలు కొన్ని ఉన్నాయి. కుష్ఠు వ్యాధి మీద పనిచేసే లెప్రా 1924లో బ్రిటన్‌లో పుట్టింది. దాని భారతీయ భాగస్వామి లెప్రా సొసైటీ కేంద్రం మన సికింద్రాబాద్‌లోనే ఉంది. హైదరాబాద్ చెర్లపల్లిలో ఉన్న బ్లూ పీటర్ పరిశోధన కేంద్రం పేరు ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసా? బీబీసీలో వచ్చే పిల్లల కార్యక్రమం ‘బ్లూ పీటర్’ నుంచి. ఆ కార్యక్రమం పిలుపు విని బ్రిటన్ పిల్లలు పోగు చేసిన సొమ్ము దాని వెనక ఉంది. ఇలాంటి ముడి దొరికితే ఇక్కడివాళ్లను అడగడం తేలిక, అక్కడివాళ్లను అడగడమూ తేలిక.

సంస్థ ఏదైనా, ఇంగ్లండ్, వేల్స్‌లలో రిజిస్టరైనదైతే చారిటీ కమిషన్ వెబ్‌సైట్‌లో దాని నంబరు కొట్టి చూడండి. ఏటా వచ్చింది ఎంత, ఖర్చయింది ఎంత అన్నది అక్కడే కనిపిస్తుంది. ‘మన ఊరి ట్రస్టుకే నేరుగా పోగు చేస్తాను’ అనుకునేవాళ్లకు ఒక హెచ్చరిక: విదేశాల నుంచి విరాళం తీసుకోవాలంటే ఇక్కడి ట్రస్టుకు ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) కింద రిజిస్ట్రేషన్ ఉండాలి. 2020 సవరణ తర్వాత ఆ సొమ్ము ముందుగా ఢిల్లీ స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచిలోని ప్రత్యేక ఖాతాలోకే రావాలి. ఊళ్లో బడికి బెంచీలు కొనిద్దామన్న మంచి ఉద్దేశం ఒక్కటే చట్టానికి చాలదు.

3. దరఖాస్తు

సంస్థలకు నంబర్లు తక్కువ, అడిగేవాళ్లు ఎక్కువ. దరఖాస్తులో ‘నాకు పరుగంటే ప్రాణం’ అని రాస్తే ఎవరూ పట్టించుకోరు. వాళ్లు చూసేది రెండే: ఈ పని మీద మీకు నిజంగా పట్టింపు ఎందుకు, డబ్బు ఎలా తెస్తారు. రెండోదానికి అంకెలతో జవాబివ్వండి. ‘ఆఫీసులో 40 మంది, తలా 15 పౌండ్లు, కంపెనీ మ్యాచింగ్ (కంపెనీ తన వంతుగా కలిపేది) 500, మార్చిలో విందు, 30 టికెట్లు’ అని రాసినవాళ్ల వైపే మొగ్గుతారు. ఒకేసారి మూడు నాలుగు సంస్థలకు దరఖాస్తు చేయడంలో తప్పు లేదు. కాకపోతే ఒకటి ఒప్పుకోగానే మిగతావాటికి మెయిల్ పెట్టి తప్పుకోండి.

4. రెండు పద్దులు కలపకండి

మీ ప్రయాణ ఖర్చు ఒక పద్దు, చందాలు ఇంకో పద్దు. విమానం టికెట్, వీసా, లండన్‌లో అయిదారు రాత్రుల గది, తిండి కలిపి హైదరాబాద్ నుంచి వెళ్లే మనిషి రెండు లక్షల దగ్గర్లో పెట్టుకోవాలి. రేసు వారంలో గదుల ధరలు ఎలా ఉంటాయో చెప్పక్కర్లేదు. ఇది పూర్తిగా మీ సొంత డబ్బు. చందా అడిగే మెసేజ్‌లోనే ఆ మాట రాయండి. ఎందుకంటే పైకి అన్నా అనకపోయినా, పది మందిలో ఆరుగురి మనసులో ఉండే ప్రశ్న ఇదే: ‘వీడు లండన్ చూసి రావడానికి నేనెందుకు డబ్బులివ్వాలి?’ ప్రశ్న న్యాయమైనదే. జవాబు ముందే ఇచ్చేస్తే చిరాకు ఉండదు.

5. చందాలు

పౌండు వంద రూపాయలు దాటిన రోజుల్లో 2,500 పౌండ్ల లక్ష్యమంటే రెండున్నర లక్షలకు పైమాటే. పెద్ద అంకెను చూసి భయపడకుండా పేర్లు రాయండి. కాగితం మీద నూరు పేర్లు, ఒక్కొక్కరి పక్కన ఎంత ఇవ్వగలరో మీ అంచనా.

వినాయక చవితి చందా పుస్తకం పట్టుకుని తిరిగినవాళ్లకు ఈ పని కొత్త కాదు. మొదటి పేజీలో వెయ్యి నూట పదహార్లు రాసి ఉంటే రెండో ఇంటివాళ్లు యాభై ఇవ్వడానికి మొహమాటపడతారు. ఇక్కడా అదే సూత్రం. ఆన్‌లైన్లో మీ విరాళాల పేజీ తెరవగానే మొదటి విరాళం మీరే వేయండి. రెండోది, మూడోది చేయి పెద్దదైన దగ్గరి బంధువులతో వేయించండి. ఆ తర్వాతే లింకు బయటికి వదలండి. సున్నా దగ్గర ఉన్న పేజీని చూసి ఎవరూ మొదటివాడు అవ్వాలనుకోరు.

వాట్సాప్ గ్రూపులో లింకు పడేస్తే నాలుగు దండాల బొమ్మలు, రెండు ‘ఆల్ ది బెస్ట్’లు వస్తాయి, డబ్బు రాదు. ఒక్కొక్కరికీ విడిగా, పేరు పెట్టి పిలిచి రాయాలి. ఇలా:

‘పిన్నీ, నమస్తే. ఏప్రిల్‌లో లండన్ మారథాన్ పరిగెత్తుతున్నాను, 42 కిలోమీటర్లు. కుష్ఠు వ్యాధి వచ్చినవాళ్లకు వైద్యం చేయించే సంస్థ కోసం. నా టికెట్టు, హోటలు ఖర్చు నాదే. మీరిచ్చే ప్రతి పైసా నేరుగా వాళ్లకే వెళ్తుంది. రెండు వేలు వేయగలరా? ఎక్కువైతే మీకు తోచినంత. కార్డుతో ఎలా కట్టాలో నేను ఫోన్ చేసి చెబుతాను.’

ఇందులో ఎంత ఇవ్వాలో స్పష్టంగా ఉంది చూడండి. ‘మీకు తోచినంత’ అని మాత్రమే రాస్తే వాళ్లకు ఏమీ తోచదు. ఒక అంకె చెప్పి, తగ్గించుకునే వీలు ఇవ్వాలి. జవాబు రాకపోతే పది రోజుల తర్వాత ఇంకోసారి గుర్తు చేయండి. రెండుసార్లకు మించి వద్దు, రేపు పెళ్లిళ్లలో మొహాలు చూసుకోవాలి.

బ్రిటన్‌లో ఉన్నవాళ్లకు మూడు అదనపు వనరులు ఉన్నాయి. ఒకటి గిఫ్ట్ ఎయిడ్: అక్కడ పన్ను కట్టేవాళ్లు పేజీలో ఆ గడి టిక్ చేస్తే ప్రతి పౌండుకు ప్రభుత్వం ఇంకో 25 పెన్నీలు సంస్థకు కలుపుతుంది. ఆదాయప్పన్ను కట్టని విద్యార్థులు మాత్రం ఆ గడి జోలికి పోకూడదు, తేడా సొమ్ము వాళ్ల మీద పడుతుంది. పైగా చాలా సంస్థలు గిఫ్ట్ ఎయిడ్‌ను మీ కనీస లక్ష్యంలో లెక్కించవు, ముందే అడగండి. రెండోది కంపెనీ మ్యాచింగ్. మీరు పోగు చేసినంత, లేదా ఒక పరిమితి దాకా, కంపెనీ తన వంతు వేస్తుంది. హెచ్ఆర్‌కి ఒక్క మెయిల్ పెడితే తేలిపోయే విషయం. మూడోది మన వంట. ఒక శనివారం ఇంట్లో పులిహోర, గారెలు, కోడికూర, పెరుగన్నంతో పదిహేను పౌండ్ల భోజనం పెడితే ముప్పై మంది ఇట్టే వస్తారు. సరుకుల ఖర్చు మీరు భరించి, వచ్చిన సొమ్మంతా పేజీలో జమ చేయండి.

ఇండియా నుంచి ఇచ్చేవాళ్ల దగ్గర వచ్చే చిక్కులు వేరు. విదేశీ విరాళాల పేజీలో ఫోన్‌పే, గూగుల్‌పే పనిచేయవు. కార్డు కావాలి. ఆ కార్డు కూడా చాలాసార్లు తిరస్కరణకు గురవుతుంది, ఎందుకంటే 2020 రిజర్వ్ బ్యాంకు నిబంధనల తర్వాత కొత్త కార్డులన్నీ దేశీయ వాడకానికే ఇస్తున్నారు. బ్యాంకు యాప్‌లో కార్డుల విభాగంలోకి వెళ్లి ‘అంతర్జాతీయ వాడకం’ మీట నొక్కి, పరిమితి పెట్టుకోవాలి. పని అయ్యాక మళ్లీ ఆపేయమనండి. కొన్ని విరాళాల వేదికలు ఆఖరి తెరలో తమకు టిప్‌గా కొంత శాతం ముందే కలిపి పెడతాయి. దాన్ని సున్నాకు జరపొచ్చని చెప్పకపోతే, ‘రెండు వేలు అన్నావు, ఇంకా ఎక్కువ కట్ అయిందేంటి’ అని ఫోన్ వస్తుంది. విదేశీ సంస్థకు ఇచ్చే విరాళానికి ఇక్కడ పన్ను మినహాయింపు రాదన్నది కూడా అడక్కముందే చెప్పేయండి.

ఇక అసలు గొడవ. ‘ఆ కార్డులూ ఓటీపీలూ నాకెందుకురా, నీకు ఫోన్‌పే చేస్తా, నువ్వే కట్టేసెయ్’ అనేవాళ్లే ఎక్కువ. ఒకరిద్దరి దగ్గరైతే ఫరవాలేదు. అందరిదీ మీ ఖాతాలోకే తీసుకుంటే రెండు వైపుల నుంచి చిక్కు. దగ్గరి బంధువులు కానివాళ్ల నుంచి ఏడాదిలో 50,000 రూపాయలు దాటి వచ్చిన సొమ్మును ఆదాయపు పన్ను చట్టం మీ ఆదాయంగా చూడొచ్చు. అంతకంటే దగ్గరి ప్రమాదం వీసా: దరఖాస్తుకు జతచేసే బ్యాంకు స్టేట్‌మెంటులో ముక్కుమొహం తెలియని పేర్ల నుంచి వరసగా డబ్బులు పడితే, ఇవెక్కడివన్న ప్రశ్న వస్తుంది. కాబట్టి సాధ్యమైనంతవరకు ఎవరి కార్డుతో వాళ్లే కట్టేలా చూడండి. పిన్నికి మీరు పక్కన కూర్చుని కట్టించండి. తప్పనిసరై తీసుకున్న ప్రతి రూపాయినీ అదే రోజు ఇచ్చినవాళ్ల పేరుతో పేజీలో వేసి, ఆ తెర ఫోటో వాళ్లకు పంపండి. మొత్తం పెద్దదయ్యేలా ఉంటే ముందే ఒక సీఏను అడగండి.

6. శిక్షణ

రేసు ఏప్రిల్ చివర్లో. పద్దెనిమిది వారాలు వెనక్కి లెక్కేస్తే డిసెంబరు మూడో వారం. అప్పటికే ఆగకుండా 8-10 కిలోమీటర్లు పరిగెత్తగలిగి ఉండాలి. అది కూడా లేకపోతే వేసవిలోనే మొదలుపెట్టి, ఆగస్టులో జరిగే హైదరాబాద్ మారథాన్‌లో పది కిలోమీటర్ల పరుగుతో ప్రారంభించండి. నలభై దాటినవాళ్లు, షుగరో బీపీయో ఉన్నవాళ్లు డాక్టరును కలిసి, ఆయన చెప్పిన గుండె పరీక్షలు చేయించుకున్నాకే బూట్లు కొనండి.

వారానికి నాలుగు పరుగులు చాలు. రెండు ఈజీ రన్‌లు 6-8 కిలోమీటర్లు, ఒకటి కాస్త వేగంగా, ఆదివారం లాంగ్ రన్. ఈజీ అంటే పక్కవాళ్లతో మాటలాడుతూ పరిగెత్తగలిగే వేగం. మనవాళ్లలో ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే: వాచీ చూసుకుంటూ ప్రతి రోజూ వేగంగా పరిగెత్తి, ఫిబ్రవరికి పిక్కలు పట్టేసి ఫిజియో దగ్గర తేలతారు. లాంగ్ రన్‌ను 14 కిలోమీటర్ల దగ్గర మొదలుపెట్టి వారానికి రెండేసి పెంచండి. మూడు వారాలు పెంచాక నాలుగో వారం తగ్గించండి. రేసుకు మూడు వారాల ముందు 30 లేదా 32 కిలోమీటర్లు. అక్కడి నుంచి టేపర్, అంటే తగ్గించుకుంటూ రావడం. శిక్షణలో 42 పూర్తిగా పరిగెత్తాల్సిన అవసరం లేదు. వారానికి రెండుసార్లు ఇరవై నిమిషాలు గుంజీలు, మెట్లెక్కడం, ప్లాంక్ చేయండి.

సంక్రాంతి వారం పోతుందని ముందే రాసిపెట్టుకోండి. అరిసెల దగ్గర క్రమశిక్షణ గురించి ఉపన్యాసం ఇవ్వను. ఊళ్లో పొద్దున్నే కాలవగట్టు మీద రెండు ఈజీ రన్‌లు చేస్తే చాలు. జనవరి మూడో ఆదివారం ముంబయి మారథాన్ ఉంటుంది. అందులో హాఫ్ మారథాన్ (సగం దూరం) పరిగెత్తితే వేల మంది గుంపులో మొదలుపెట్టడం, దారిలో నీళ్లు అందుకోవడం అలవాటవుతుంది.

తెలుగు రాష్ట్రాల్లో శిక్షణ పొందేవాళ్లకు అసలు పరీక్ష మార్చి. లాంగ్ రన్‌లు 26, 28, 30కి చేరే వారాల్లోనే ఇక్కడ ఎండలు ముదురుతాయి. ఏడున్నరకల్లా రోడ్డు సెగలు కక్కుతుంది. కాబట్టి తెల్లవారుజామున నాలుగింటికే బయల్దేరాలి. నెక్లెస్ రోడ్డులోనో విశాఖ బీచ్ రోడ్డులోనో ఆ వేళకు మీలాంటివాళ్లు ఇంకొందరు కనిపిస్తారు. హైదరాబాద్ రన్నర్స్ లాంటి బృందంతో కలిస్తే చీకట్లో కుక్కల భయం కూడా తగ్గుతుంది. ఎండలో మీ వేగం తగ్గి కిలోమీటరుకు అరనిమిషం ఎక్కువ పట్టినా దిగులు పడొద్దు. లండన్‌లో ఏప్రిల్ ఉదయం పది డిగ్రీల దగ్గర ఉంటుంది, అదే గుండె వేగంతో అక్కడ ఇంకా వేగంగా వెళ్తారు. ఆ రేసు చరిత్రలో అతి వేడి రోజు 2018లో వచ్చింది, 24.1 డిగ్రీలు. అక్కడి పత్రికలు ఆ ఎండ గురించి పేజీలు నింపాయి. మనం ఏసీ పెట్టుకునే అంకె అది.

తిండి సంగతి లాంగ్ రన్‌లలోనే తేల్చుకోవాలి. గంట దాటాక గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం పడాలి. పరుగులో పిండుకుని మింగే ఒక ఎనర్జీ జెల్ పొట్లంలో సుమారు 20-25 గ్రాములు ఉంటుంది. జెల్ పడనివాళ్లు గింజ తీసిన ఖర్జూరాలు నడుము సంచిలో పెట్టుకుంటారు. నీళ్లు దాహానికి సరిపడా తాగండి, ఉప్పు కలిసిన ద్రావణం మధ్యమధ్యలో. మంచిదని లీటర్లకొద్దీ నీళ్లు తాగితే రక్తంలో సోడియం పడిపోయి ప్రాణం మీదకు వస్తుంది.

టైమ్ గురించి టెన్షన్ వద్దు. ఫౌజా సింగ్ 2000లో, 89 ఏళ్ల వయసులో, నెలలు నిండని శిశువుల కోసం పనిచేసే సంస్థకు చందాలు పోగు చేస్తూ తన మొదటి లండన్ మారథాన్ పరిగెత్తాడు. పట్టిన సమయం 6 గంటల 54 నిమిషాలు. ఇప్పుడు వెనకాల ఎనిమిది గంటల వేగంతో నడిచే ఒక బృందమే ఉంటుంది, చివరివాళ్లకు తోడుగా.

7. వీసా, టికెట్లు

బ్రిటన్ విజిటర్ వీసాకు ప్రయాణానికి మూడు నెలల ముందు నుంచే దరఖాస్తు చేయొచ్చు, అంతకంటే ముందు కుదరదు. ఏప్రిల్ చివరి రేసుకు జనవరి చివర్లో మొదలుపెట్టండి. మామూలుగా మూడు వారాల్లో తేలుతుంది, కానీ చివరిదాకా ఆగకండి. ఫారం ఆన్‌లైన్లో నింపి, వీసా దరఖాస్తులు తీసుకునే హైదరాబాద్ వీఎఫ్‌ఎస్ కేంద్రంలో వేలిముద్రలు ఇవ్వాలి. రేసు ఖాయమైన మెయిల్, సంస్థ ఇచ్చిన ఉత్తరం, ఉద్యోగంలో సెలవు పత్రం, ఆరు నెలల స్టేట్‌మెంటు జతచేయండి. పొలం పట్టాదారు పాసుపుస్తకం లాంటివి పెడితే వాటికి ధ్రువీకరించిన ఇంగ్లిష్ అనువాదం కావాలి. ప్రయాణ బీమా తీసుకునేటప్పుడు మారథాన్‌లో అయ్యే గాయం దాని పరిధిలోకి వస్తుందో లేదో చదవండి. మార్చుకునే వీలున్న టికెట్టు కొంత ఖరీదైనా అదే నయం.

లండన్ వద్దనుకుని న్యూయార్క్ వైపు చూసేవాళ్లకు ఒక్క మాట. అది నవంబరు మొదటి ఆదివారం, చారిటీ దారి అక్కడా ఉంది, కనీస మొత్తం డాలర్లలో వేలల్లోనే ఉంటుంది. ఇండియా నుంచి వెళ్లేవాళ్లు అమెరికా వీసా ఇంటర్వ్యూ తేదీ చూసుకున్నాకే సంస్థకు మాట ఇవ్వాలి. అమెరికాలోనే ఉన్న తెలుగువాళ్లకు మాత్రం అదీ షికాగో మారథానూ తేలిక, కంపెనీ మ్యాచింగ్ అక్కడ మామూలు విషయం.

8. లండన్ చేరాక

బుధవారమో గురువారమో దిగండి. చొక్కాకు తగిలించుకునే నంబరు కాగితం, అంటే బిబ్, ఎక్సెల్ ప్రదర్శనశాలలో, రేసుకు ముందు రోజుల్లోనే, మీరే స్వయంగా గుర్తింపు కార్డు చూపించి తీసుకోవాలి. ఆదివారం ఉదయం ఇవ్వరు, స్నేహితుడిని పంపితే ఇవ్వరు. శనివారం విమానం ఆలస్యమైతే ఏడాది శ్రమ అక్కడితో సరి. బిబ్ వెనకవైపు మీ ఆరోగ్య వివరాలు, అత్యవసర ఫోన్ నంబరు రాయండి.

ఎక్సెల్‌కు కొద్ది దూరంలో ఈస్ట్ హామ్ ఉంది, ఇడ్లీ, దోసె, అన్నం అన్నీ దొరుకుతాయి. రేసు ముందు రెండు రోజులు అన్నం, పెరుగు, అరటిపండు, బ్రెడ్డు. కారంగా ఏదీ వద్దు, ఆ బిర్యానీ సోమవారం తినొచ్చు. గడియారం తేడా మనకు కలిసొస్తుంది: లండన్ ఏప్రిల్‌లో మనకంటే నాలుగున్నర గంటలు వెనక, కాబట్టి ఉదయం నాలుగైదింటికే మెలకువ వచ్చేస్తుంది. రేసు రోజు అదే కావాలి.

బనియన్ మీద పేరు పెద్ద ఇంగ్లిష్ అక్షరాల్లో వేయించండి. దారి పొడవునా జనం దాన్ని చదివి అరుస్తారు. వేంకట సత్యనారాయణ అని వేయిస్తే చదివేలోపు దాటిపోతారు, ‘సత్య’ అని వేయించండి. అక్కడున్న ఏదైనా చారిటీ దుకాణంలో కొన్ని పౌండ్లకు ఒక పాత స్వెటరు కొనండి. ప్రారంభం దగ్గర గంటకు పైగా చలిలో నిలబడాలి. బయల్దేరేముందు దాన్ని అక్కడే వదిలేస్తే మళ్లీ చారిటీకే చేరుతుంది.

9. ఆదివారం

ప్రారంభం గ్రీనిచ్, బ్లాక్‌హీత్ దగ్గర. బ్లాక్‌హీత్, గ్రీనిచ్, మేజ్ హిల్ స్టేషన్లలో మీకు కేటాయించిన ప్రారంభ స్థలం రంగుకు ఏది దగ్గరో చూసుకుని రైలెక్కండి. చంకల్లో, తొడల మధ్య, చనుమొనల మీద వాజలైన్ పట్టించండి. మగవాళ్లు దీన్ని తేలిగ్గా తీసుకుంటారు, ముప్పయ్యో కిలోమీటరులో చొక్కా మీద రక్తపు చారలు చూసుకుంటారు.

మొదటి అయిదు కిలోమీటర్లు పల్లం. కాళ్లు వాటంతటవే పరిగెత్తుతాయి, చుట్టూ అందరూ దూసుకుపోతుంటారు. అనుకున్న వేగం కంటే కిలోమీటరుకు పది సెకన్లు నెమ్మదిగానే వెళ్లండి. పదో కిలోమీటరు దగ్గర కటీ సార్క్ ఓడ చుట్టూ తిరుగుతారు, అక్కడి హోరులో మళ్లీ వేగం పెరిగిపోతుంది, జాగ్రత్త. ఇరవయ్యో కిలోమీటరు దగ్గర టవర్ బ్రిడ్జి. దాటి కుడివైపు తిరగగానే రోడ్డుకు రెండోవైపు మీకంటే ఎన్నో కిలోమీటర్లు ముందున్నవాళ్లు ఎదురొస్తుంటారు. వాళ్లను చూసి నీరసపడొద్దు. కనరీ వార్ఫ్‌లో ఆకాశహర్మ్యాల మధ్య జీపీఎస్ వాచీ పిచ్చి లెక్కలు చూపిస్తుంది, అక్కడ రోడ్డు పక్క మైలు బోర్డులనే నమ్మండి. రోడ్డు మీద గీసిన నీలిగీత కొలిచిన దారి. దానికి దూరంగా అటూఇటూ తిరిగితే మీ పరుగు 42.195 దగ్గర ఆగదు, ఇంకో అరకిలోమీటరు ఎక్కువే అవుతుంది.

32 దాటాక నడవాల్సి వస్తే నడవండి, కానీ ముందే లెక్క పెట్టుకుని: మూడు నిమిషాలు పరుగు, ఒక నిమిషం నడక. మీ సంస్థవాళ్లు జెండాలతో నిలబడే చోట్లు ముందే అడిగి ఉంచుకోండి, ఆ బనియన్ చూడగానే వాళ్లు వేసే కేకలకు రెండు కిలోమీటర్లు గడుస్తాయి. థేమ్స్ ఒడ్డు, బిగ్ బెన్, బర్డ్‌కేజ్ వాక్, ఆ మలుపు తిరిగితే ద మాల్, ముగింపు.

ఇంటివాళ్లు వస్తే హార్స్ గార్డ్స్ దగ్గర ఇంగ్లిష్ అక్షరాల బోర్డుల కింద కలుసుకోవచ్చు. అందరూ తమ ఇంటిపేరు అక్షరం కింద నిలబడతారు. మీరు ‘ఎక్స్’ కిందో ‘జెడ్’ కిందో అని చెప్పుకోండి, జనం తక్కువ.

10. ఆ తర్వాత

పతకం మెడలో ఉన్న ఫోటోతో పాటు లింకు అదే సాయంత్రం మళ్లీ పంపండి. ‘ముందు పరిగెత్తు, చూద్దాం’ అని ఆగినవాళ్లు ఇవ్వడానికి ఇదే సమయం, రెండు రోజులు పోతే ఆ వేడి ఉండదు. ఇదివరకే ఇచ్చినవాళ్లకు లింకు లేకుండా ఫోటో, కృతజ్ఞతలు మాత్రమే పంపండి. చేతికి వచ్చి ఇంకా పేజీలో వేయని సొమ్ము ఏదైనా మిగిలితే హోటల్ గదిలోనే కూర్చుని జమ చేసేయండి. కంపెనీ మ్యాచింగ్‌కు కావాల్సిన రసీదు సంస్థ నుంచి తెప్పించి, ఆ దరఖాస్తు వారం లోపు హెచ్ఆర్‌కు పంపండి. సంస్థ పెట్టిన ఆఖరి గడువు సాధారణంగా రేసు తర్వాత కొన్ని వారాల్లోనే ఉంటుంది. ఆ తేదీకి లక్ష్యం ఇంకా తక్కువుంటే దాచకుండా సంస్థవాళ్లకు ఫోన్ చేయండి, చాలాసార్లు ఇంకొంత వ్యవధి ఇస్తారు.